పనిముట్ల వరుసలో గిటారు

మా ఇంట్లోకి కుట్టుమిషనూ గిటారూ ఒకే బండిలో వచ్చాయి. మిషను ముందరి అంగట్లో కిటికీ పక్కన స్థిరపడింది. గిటారు అటకెక్కింది. రెండూ ఒక ఇంటి సామానే, రెండూ మాకు పరాయివే. కానీ మిషనును మాత్రం నువ్వు మాదానివేనా అని ఏనాడూ ఎవరూ అడగలేదు. ఆ ప్రశ్న గిటారుకే మిగిలింది. దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాక నాకూ మిగిలింది.

మాది నందికొట్కూరులో గుడ్డల అంగడి. ముందర అంగడి, వెనక ఇల్లు, మధ్యలో ఒక పరదా. మా తాత వయసులో ఉన్నప్పుడు, గుంతకల్లు రైల్వే కాలనీలో ఒక ఆంగ్లో ఇండియన్ ఇంజను డ్రైవరు కుటుంబం దేశం విడిచి పోతూ సామాన్లు అమ్ముకుంటోందని విని, కుట్టుమిషను కోసం వెళ్ళాడట. కర్నూలు దాకా రైల్లో, అక్కడినుంచి ఎద్దులబండిలో మిషను తెచ్చాడు. దాంతోపాటు ఈ గిటారూ వచ్చింది. ఈ కథ మా అవ్వ చెప్పేది.

"ఆ యమ్మ మిషను ఎత్తించి, దీన్ని గూడా సామాన్లలో పెట్టిందంట. మాకొద్దమ్మా అని మీ తాత అంటే, రెండూ ఒకే గదిలో ఉండేటివి, విడదీయొద్దు అనిందంట. నిజంగా అట్లనిందో, అడ్డమని వదిలించుకునిందో, ఎవురు జూసినారు!"

నేను దాన్ని మొదటిసారి చూసింది డిగ్రీ మొదటి సంవత్సరం సెలవుల్లో. రెండువేల సంవత్సరం దాటిన కొత్త. చదవడానికి ఇంట్లో ఏమీ మిగలక, పాత వారపత్రికల కట్టల కోసం అటకెక్కాను. కట్టల వెనక పాత పంచెలో చుట్టి ఉంది. తీగలు రెండే మిగిలాయి, అవీ తుప్పు పట్టాయి. నడుమ ఉన్న గుండ్రటి రంధ్రంలోకి టార్చి వేసి చూస్తే లోపల అంటించిన కాగితం మీద కలకత్తా అన్న మాట ఒక్కటే చదవగలిగాను. మిగతాది పురుగులు చదువుకున్నాయి.

నేను మాట్లాడని పిల్లను. అంగట్లోకి ఎవరైనా వస్తే పరదా వెనక్కి పోయేదాన్ని. ఫోను మోగితే ఇంకెవరైనా ఎత్తేదాకా దాన్ని చూస్తూ నిలబడేదాన్ని. డైరీలో మాత్రం పేజీలకు పేజీలు. దీన్నంతా కలిపి మా బంధువులు 'మంచి పిల్ల' అనేవాళ్ళు. ఆ బిరుదు నాకు ఏనాడూ నచ్చలేదు. నేను అన్నిటికీ ఒప్పుకుంటున్నానని వాళ్ళ లెక్క. ఒప్పుకోనివి ఎన్ని ఉన్నాయో నాకూ నా డైరీకీ తెలుసు.

సెలవులయ్యాక గిటారును కర్నూలు హాస్టలుకు తీసుకెళ్ళాను. ప్యాంటుగుడ్డ ముక్కలు అతికి అమ్మ దానికో సంచి కుట్టింది. ఎందుకని అడగలేదు. మా అమ్మ కూడా నాలాగే, అడగదు. తబలాలూ హార్మోనియంలూ అమ్మే అంగట్లో ఆరు ఉక్కు తీగలు కొన్నాను గానీ, ఏది ఎక్కడ కట్టాలో తెలియదు. నా గదిలో ఉండే ఆత్మకూరు అమ్మాయి మంచం మీద పరిచిన తీగల్నీ నన్నూ చూసింది.

"ఎవురిచ్చిన్రు మే ఇది?"

"మా తాతది."

"మీ తాత వాయించేటోడా!"

"గుడ్డలు కొలిచేవాడు."

ఆమె మంచం మీద దొర్లి దొర్లి నవ్వింది. వాళ్ళ అన్న ఆదివారాలు ప్రార్థనా మందిరంలో గిటారు వాయిస్తాడు. ఆమెకు వాయించడం రాదు, కానీ తీగలు కట్టడం, బిరడాలు తిప్పి శ్రుతి చేయడం చూసి చూసి వచ్చేసింది. వారం వారం ఊరికి పోయి అన్న దగ్గర ఒక్కో పాఠం మోసుకొచ్చేది. ఎక్కడ మోసేదంటే, తన ఎడమ ముంజేతి మీద. బాల్‌పెన్నుతో ఆరు గీతలు, అడ్డంగా గిటారు మెడ మీది మెట్లు, ఏ మెట్టులో ఏ వేలు పెట్టాలో చుక్కలు. బస్సు దిగి గదిలోకి రాగానే చెయ్యి చాపేది, "చూస్కో బిరీన, స్నానం చేయల్ల" అనేది.

ఒకసారి బస్సులో చెమటకు ఒక చుక్క కరిగి పక్క మెట్టులోకి జారింది. నాకు తెలియక అదే నేర్చుకున్నాను. నెల తర్వాత వాళ్ళ అన్న చెప్పాడట, అలాంటి స్వరాల కూటమి లేనే లేదని. సరైనది కూడా నేర్చుకున్నాను, కానీ తప్పును వదల్లేదు. ఆ కూటమిలో అయిదు తీగలు ఒక మాట అంటుంటే ఆరోది కాదంటుంది. అది నాకు బాగా నచ్చింది.

ఏమిటి దాంట్లో అంత అని చాలామంది అడిగారు. అప్పుడు చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. మొదటిది, దానికి కరెంటు అక్కర్లేదు. మా ఊళ్ళో వేసవిలో కరెంటు పోతే ఫ్యాను, టీవీ, టేప్‌రికార్డరు, గుడి మైకు అన్నీ ఒక్కసారే చచ్చిపోయేవి. ఇది మాత్రం నా ఒళ్ళో బతికే ఉండేది. రెండోది, దాన్ని దూరంగా పెట్టి వాయించలేం. కడుపుకు ఆనించుకోవాలి, మోచెయ్యి దాని నడుము మీద వేయాలి. లావు తీగను మీటితే ఆ మోత చెవికంటే ముందు పక్కటెముకలకు తెలుస్తుంది. మూడోది, ఎంత మెల్లగా అంటే అంత మెల్లగా వాయించవచ్చు. నా ఒక్కదానికే వినపడేలా. పెద్దగా మాట్లాడితేనే లెక్కలోకి తీసుకునే ఇంట్లో పుట్టినదానికి, గుసగుసను కూడా సంగీతమనే వస్తువు దొరకడం చిన్న విషయం కాదు.

కర్నూలు లైబ్రరీలో ఒక పెద్ద విజ్ఞాన సర్వస్వం ఉండేది. గిటారు పేజీ ఎన్నిసార్లు తీశానో, పుస్తకం తెరిస్తే ఆ పేజీయే పడేది. స్పెయిన్‌లో ఒకప్పుడు దానికి జతలు జతలుగా తీగలుండేవట. ఆరు ఒంటి తీగలు తర్వాత వచ్చాయి. అప్పట్లో అది చిన్నది, గొంతూ చిన్నది. నూటయాభై ఏళ్ళ కిందట ఒక వడ్రంగి దాని ఒళ్ళు పెంచి, పైచెక్కను పలచగా చెక్కి, కింద విసనకర్ర పుల్లల్లా సన్నటి బద్దలు అతికించాడు. పాడేది పైచెక్కేనని అతని నమ్మకం. ఎవరూ నమ్మకపోతే, వీపూ పక్కలూ ఉత్త అట్టతో చేసి, పైన మాత్రం మంచి చెక్క వేసి, ఒక గిటారు తయారుచేసి చూపించాడట. నేనా పేజీ మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. వాదించకుండా వాదించడమంటే ఇది.

ఆ పలచటి పైచెక్కే మా ఎండలకు శత్రువు. గాలిలో తేమ లేకపోతే చెక్క ఆరిపోయి పగులుతుందని ఇంటర్‌నెట్ సెంటర్లో చదివి, సబ్బుపెట్టెకు తూట్లు పొడిచి, తడిగుడ్డ కుక్కి, గిటారు సంచిలో పెట్టేదాన్ని. సెలవుల్లో ఇంట్లో రోజూ నీళ్ళు మార్చడం చూసి అవ్వ బుగ్గలు నొక్కుకుంది.

"ఇంట్లో మనుషులకే బిందె నీళ్ళు ల్యాకపాయె. దీనికి గూడా దప్పికంటనా?"

డిగ్రీ అయ్యాక ఇంటికొచ్చి బీఎడ్ ప్రవేశ పరీక్షకు చదువుతున్నాను. ఇంట్లో గిటారు వాయించడానికి ఒక ఏర్పాటు చేసుకున్నాను. మా టైలరు మానేశాక అంగట్లో మిషను మా అమ్మే తొక్కేది. ఆ చప్పుడు మొదలయ్యాక వెనక గదిలో మొదలుపెట్టేదాన్ని. ఆగితే ఆపేసేదాన్ని. మిషను మోతలో గిటారు ఎవరికీ వినపడదు. నా చెయ్యి కూడా ఆ తొక్కుడు లయకే అలవాటు పడింది.

ఒక మధ్యాహ్నం నీళ్ళ కోసం లేచి పరదా సందులోంచి చూశాను. అంగట్లో ఎవరూ లేరు. అమ్మ కిటికీలోంచి వీధిలోకి చూస్తూ మిషను తొక్కుతోంది. సూది కింద గుడ్డ లేదు. చక్రం మధ్యలో ఒక మర ఉంటుంది. అది వదులు చేస్తే తొక్కినంతసేపూ చక్రం తిరుగుతుంది, చప్పుడవుతుంది, సూది మాత్రం కదలదు. బాబిన్‌కు దారం చుట్టేటప్పుడు అలా చేస్తారు. అమ్మ బాబిన్ కూడా చుట్టడం లేదు. ఊరకే తొక్కుతోంది. నా కోసం.

చూసిన సంగతి ఆమెకు తెలియనివ్వకుండా వెనక గదిలోకి పోయి మళ్ళీ వాయించాను. 

ఇక్కడ మా ఇంటి ఆయుధపూజ గురించి చెప్పాలి. మహర్నవమి పొద్దున అంగట్లో పనిముట్లన్నీ కడిగి, పసుపు కుంకుమలు పెట్టి వరుసగా పేరుస్తాం. ఆ రోజు వాటిని ఎవరూ తాకకూడదు. తాత పెట్టిన నియమాలు రెండు. వరుసలో పెట్టిన వస్తువు మళ్ళీ దసరా దాకా చెయ్యి మారకూడదు. ఎవరు పెట్టారో వాళ్ళే దశమి పొద్దున దాన్ని ఎత్తి, అందరి ముందరా దానితో మొదటి పని చేయాలి. చేయకపోతే అది పనిముట్టు కాదు, ఉత్త సామాను. తాత పోయాక ఈ నియమాలకు అవ్వ కాపలా. రాజంపేటలో వ్యాపారం చేసే మా పెదనాయన ఒక ఏడు గొప్పకోసం కొత్త స్కూటరు తెచ్చి వరుసలో పెట్టాడు. పండగ దాటగానే అది మొరాయించింది. అమ్మేస్తానంటే అవ్వ ఒప్పుకోలేదు. ఏడాది పొడుగునా ఆయన దాన్ని కాలు నొప్పిపుట్టేలా తన్నుతూనే ఉన్నాడు.

నా డిగ్రీ అయిన ఏడు దసరాకు పెదనాయన కారులో వచ్చాడు. అష్టమి మధ్యాహ్నం అన్నం తింటూ, గోడకు ఆనించి ఉన్న గిటారును చూశాడు.

"ఏమ్మే, ఇంగా ఉండాదా ఇది? మంచిదాయె. కడపలో మావోడు ఫ్యామిలీ రెస్టారెంటు పెడతాండాడు. గోడలకంతా పాత సామాన్లు తగిలిస్తాడంట. లాంతర్లు, బండిచక్రం, అట్లాంటివి. మా ఇంట్లో గిటారుండాది, తెస్తానని మాటిచ్చినా. దశమి పూజ అయినంక కార్లో ఏస్కోని పోతా."

నాయన నసిగాడు. "పాప వాయించుకుంటాంటాది కదన్నా."

"యాడ వాయిస్తాదప్పా? నేను ఇన్నిసార్లు వచ్చినా, ఒక్కనాడన్నా ఇనపడిందా? నువ్వు ఇన్న్యావా?"

నాయన వినలేదు. ఎవరూ వినలేదు. ఎవరికీ వినపడకుండా నేను పడ్డ పాట్లన్నీ ఇప్పుడు నా మీదికే సాక్ష్యం చెబుతున్నాయి.

"గోడకైతే వచ్చేటోళ్ళు పోయేటోళ్ళు అందురూ చూస్తారు. ఆ నడిమధ్య బొక్క ఉండాది చూడు, మేకుకు సరిగ్గా సరిపోతాది. అయినా అది ప్రార్థనల్లో వాయించుకునేటిది గదమ్మా, మనకేంటికి? రేపు సంబంధాలు చూసేటప్పుడు ఇదేందని అడగరా?"

నవ్వుతూనే అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. నా మాట అడగాలని ఆయనకు తోచలేదు, అంతే. ఆ పూట డైరీలో ఆయనకు చెప్పాల్సిన జవాబులు పేజీలకొద్దీ రాశాను. మిషను ఏ మతానిదో ఎప్పుడైనా అడిగారా అని రాశాను. పలచటి పైచెక్క గురించి రాశాను. అన్నీ మంచి జవాబులే. ఒక్కటీ వినపడేది కాదు.

నవమి పొద్దున అంగడి నాపరాళ్ళు కడిగి ముగ్గేశారు. నాయన మీటరు కడ్డీనీ కత్తెరలనూ పేర్చాడు. అమ్మ మిషను తుడిచి బొట్లు పెట్టింది. పెదనాయన కారు తాళాలు తెచ్చి పెట్టాడు. నేను పరదా తీసుకుని గిటారుతో బయటికి వచ్చాను. దాన్ని మిషను పక్కన పడుకోబెట్టాను.

"ఏందిమే ఇది?" అంది అవ్వ.

"పనిముట్టు."

పెదనాయన పకపకా నవ్వాడు. "ఏం పని చేస్తాది తల్లీ అది? గుడ్డ కత్తిరిస్తాదా, కొలుస్తాదా?"

పరదా వెనక్కి పోవాలనిపించింది. అయినా అన్నాను. "మిషనూ ఇదీ ఒక బండిలోనే వచ్చినాయి పెదనాయనా. దాన్ని పెట్టినప్పుడు దీన్నీ పెట్టల్ల."

ఆయనతో నేను అంతకుముందు అన్ని మాటలు కలిపి మాట్లాడింది లేదు. అవ్వ మిషనును చూసింది, గిటారును చూసింది. కుంకుమ పళ్ళెం తీసుకుంది.

"వరుసలో పెట్టినంక తీసేది లేదు."

"ఏం మా, నువ్వు గూడా ఈ పాపతో కలిసి ఆటాడతాండావా?"

"నీ స్కూటరును తీయనిచ్చినానారా?"

నాయన గోడవైపు తిరిగి దగ్గాడు. అది దగ్గు కాదని అందరికీ తెలుసు. పెదనాయన ఓడిపోయినట్టు కనపడటం ఇష్టంలేక తొడ చరిచాడు.

"సరే. నియమం అందురికీ ఒకటే. రేప్పొద్దున ఎత్తల్ల, మా అందరి ముందర వాయించల్ల. ల్యాకపోతే ఉత్త సామానే, నా కార్లోకే. నలుగురిలో నోరు తెరవని పిల్ల, ఏం వాయిస్తాదో నేనూ జూస్తా."

అవ్వ అప్పటికే పసుపు పూస్తోంది. "దీని నుదురు యాడుండాదిమే?" అంది. బిరడాల మధ్య చోటు చూపించాను. అక్కడ బొట్టు పెట్టింది. మెడకు బంతిపూలు చుట్టింది. ప్రేమకొద్దీ తీగల మీద కూడా పసుపు మెత్తింది. వద్దని చెప్పే ధైర్యం ఆ పూటకు అయిపోయింది.

ఆ రోజంతా దాన్ని తాకకూడదు. సాధన చేయడానికి వీల్లేదు. మేడ మెట్ల మీద కూర్చుని, ఎడమ ముంజేతి మీద కుడిచేతి వేళ్ళతో చుక్కలు వెతుక్కున్నాను. మా ఆత్మకూరు అమ్మాయి చెయ్యి గుర్తొచ్చింది. ఆమె ఉంటే, "ఏందిమే, పెండ్లిచూపులకు పోతాండావా, ఆ మొగమేంది?" అని వీపు మీద ఒకటి వేసేది.

దశమి పొద్దున హారతి అయింది. ప్రసాదానికి పక్క అంగళ్ళవాళ్ళు కూడా వచ్చారు. నాయన పసుపురంగు గుడ్డ ఒక మీటరు కొలిచి కత్తిరించాడు. అమ్మ ఆ ముక్కకు అంచు కుట్టింది. పెదనాయన నిమ్మకాయలు తొక్కించి కారు నాలుగడుగులు నడిపి వచ్చాడు. ఇక నేనే.

గిటారు ఎత్తుకుని నాపరాళ్ళ మీద కూర్చున్నాను. మీటాను. తీగల మీద ఎండిపోయిన పసుపుకు అది దుప్పటి దులిపినట్టు మోగింది.

"ఇదేనా?" అన్నాడు పెదనాయన. ఎవరో నవ్వారు.

చున్నీతో తీగలు ఒక్కొక్కటే తుడిచాను. చున్నీ పచ్చబడింది.   అప్పుడు వెనక మిషను మొదలైంది. తల తిప్పకుండానే తెలిసింది, అమ్మ చక్రం మర వదులు చేసింది. సూది కదలడం లేదు. ఇన్నాళ్ళూ దాచినట్టే నన్ను దాస్తోంది. ఆ చప్పుడు కింద నేను ఎంత మెల్లగా వాయించినా, ఎన్ని తప్పులు వాయించినా, ఎవరికీ తెలియదు. నియమం నెరవేరుతుంది. గిటారు ఇంట్లోనే ఉంటుంది. నేను మళ్ళీ పరదా వెనక్కి పోవచ్చు.

"మిషను ఆపు మా," అన్నాను.

అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. అమ్మ నన్ను చూసింది. కాలు ఆపింది. చక్రం రెండు చుట్లు తనంతట తాను తిరిగి ఆగిపోయింది.

మొదట నా తప్పు కూటమి వాయించాను, చెమటకు కరిగిన చుక్కది. అయిదు తీగలు ఒకటి చెప్పాయి, ఆరోది కాదంది. అది నాపరాళ్ళ మీదా, గుడ్డల బేళ్ళ మధ్యా, వీధి దాకా వినపడింది. తర్వాత సరైనవి వాయించాను. ఒకచోట వేలు జారింది. ఆపి సర్దుకోలేదు, జారిన చోటినుంచే ముందుకు పోయాను. చెయ్యి మిషను లయలోనే నడుస్తోంది, మిషను మాత్రం లేదు.

"దేవుని పాటేదన్నా వాయించుమే, పండగపూట," అన్నాడు పెదనాయన. గొంతులో కొంచెం మెత్తదనం వచ్చింది. ఆ ఒక్క పాట వాయిస్తే అందరికీ సులువవుతుందని నాకు అర్థమైంది. గిటారుకు ఒక మర్యాద దొరుకుతుంది, నాకు మళ్ళీ మంచి పిల్ల బిరుదు దొరుకుతుంది.

"ఈ పని అది కాదు పెదనాయనా," అని, వాయిస్తూనే ఉన్నాను. నాకు చాలనిపించేదాకా వాయించి ఆపాను.

పక్క అంగడాయన, "ఏమో అప్పా, బాగనే ఉండాది," అని ప్రసాదం చేతిలోకి తీసుకున్నాడు.  అవ్వ నా దోసిట్లో అందరికంటే పెద్ద ముద్ద పెట్టింది.

పెదనాయన మధ్యాహ్నం బయలుదేరాడు. కారు అద్దం దించి, "ఏడాదే మే. మళ్ళ దసరాకు జూస్తా," అన్నాడు.

"మళ్ళ దసరాకూ పెడతా," అన్నాను.

సాయంత్రం పరదాను మొత్తం పక్కకు లాగి కట్టేశాను. వెనక గదిలో కాదు, అంగట్లోకి కనపడే గడప మీద గిటారుతో కూర్చున్నాను. కొనేవాళ్ళు ఇద్దరున్నారు, చూస్తే చూడనీ అనుకున్నాను. గిటారు మెట్ల సందుల్లో ఇంకా పసుపు ఉంది. అమ్మ నావైపు చూడలేదు. చక్రం మధ్య మర బిగించి, సూది కింద గుడ్డ పెట్టి, కుట్టడం మొదలుపెట్టింది.